ముప్పై నిండేదాకా ఆగని రక్తపోటు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు బహిరంగ లేఖ



ఏటా మే 10 ప్రపంచ లూపస్ దినం. సరిగ్గా వారానికి, మే 17న, ప్రపంచ రక్తపోటు దినం. మొదటిది కొద్దిమంది నిపుణులకూ రోగుల బృందాలకూ తప్ప ఎవరికీ పట్టదు. రెండోదానికి ర్యాలీలుంటాయి, బీపీ శిబిరాలుంటాయి, పత్రికల్లో సందేశాలుంటాయి. ఈ రెండు రోజులకూ మధ్య దగ్గరి చుట్టరికం ఉంది. లూపస్, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు, ఉన్నవాళ్ళకు బీపీ తొందరగా వస్తుంది, చిన్న వయసులోనే వస్తుంది, వచ్చాక తక్కినవాళ్ళకంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఊరూరా బీపీ చూడడానికి మనం కట్టుకున్న వ్యవస్థ మాత్రం వాళ్ళలో చాలామందిని దాటుకుంటూ పోతోంది. కారణం ఒక చిన్న నిబంధన. దాన్ని మార్చమని అడగడానికే ఈ లేఖ.

ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) కార్యక్రమం కింద ఇంటింటికీ తిరిగి చేసే బీపీ, షుగర్ పరీక్షలు 30 ఏళ్ళు నిండినవాళ్ళకు. ఆశా కార్యకర్త ఫారం నింపేదీ, ఏఎన్‌ఎం చేతికి పట్టీ చుట్టేదీ ఆ గీత దాటినవాళ్ళకే. మామూలు జనాభాకు ఇది సబబైన గీత. ఎక్కడో ఒక దగ్గర మొదలుపెట్టాలి కాబట్టి, బీపీ ఎక్కువగా ఉండే వయసు నుంచి మొదలుపెట్టారు. లూపస్ లెక్క వేరు. ఆ జబ్బు వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్ళే. ఎక్కువమందికి 15 నుంచి 45 ఏళ్ళ లోపు బయటపడుతుంది. దాదాపు ఐదారుగురిలో ఒకరికి పద్దెనిమిది నిండకముందే వస్తుంది. ఇంటర్ చదివే పిల్ల, డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కుంటున్న అమ్మాయి, కొత్తగా పెళ్ళై పుట్టింటికి వచ్చిన కూతురు, వీళ్ళే లూపస్ రోగులు. ఏఎన్‌ఎం ఆ ఇంటికి వస్తే అమ్మకీ అమ్మమ్మకీ బీపీ చూసి వెళ్ళిపోతుంది. అమ్మాయి పక్కనే కూర్చుని ఉన్నా ఫారంలో ఆమెకు గడి లేదు.

బీపీ లూపస్‌కి చివర్లో వచ్చి తగులుకునే తోక కాదు. పలు దేశాల లూపస్ కేంద్రాలు కలిసి, జబ్బు కొత్తగా బయటపడిన రోగులను వరసగా గమనిస్తూ వచ్చాయి. వాళ్ళ సగటు వయసు ముప్పైల్లోనే. తొలి పరీక్షల నాటికే వాళ్ళలో సుమారు మూడింట ఒక వంతుకు బీపీ ఉంది. ఎందుకింత త్వరగా వస్తుందో తెలిస్తే ముప్పై ఏళ్ళ గీత ఎందుకు పనికిరాదో కూడా తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద కారణం కిడ్నీ. లూపస్ ఉన్నవాళ్ళలో పదిమందికి నలుగురి దాకా ఎప్పుడో ఒకప్పుడు కిడ్నీలు దెబ్బతింటాయి. ఒంటిని కాపాడాల్సిన ప్రతిరోధకాలు కిడ్నీ వడపోతలో పేరుకుని వాపు తెస్తాయి. ఉప్పూ నీరూ సరిగా బయటికి పోక బీపీ పెరుగుతుంది, పెరిగిన బీపీ మిగిలిన వడపోతను కూడా పాడుచేస్తుంది. మొదట్లో నొప్పి ఉండదు, మూత్రమూ మామూలుగానే వస్తుంది. పొద్దున్నే కళ్ళకింద ఉబ్బు కనిపిస్తే నిద్ర చాలలేదనుకుంటారు. ఇంకో కారణం మందే. ప్రెడ్నిసొలోన్ లూపస్ రోగుల ప్రాణాలు నిలబెట్టిన మందు, అందులో సందేహం లేదు. కానీ అది ఒంట్లో ఉప్పును పట్టి ఉంచుతుంది, రక్తనాళాలను బిగిస్తుంది, బరువు పెంచుతుంది. ఆవకాయో అప్పడమో ఊరమిరపకాయో లేకుండా పూట గడవని మన భోజనం దానికి తోడు. (ఇది చదివి ఎవరూ స్టెరాయిడ్‌ను తమంతట తాము ఆపకూడదు. హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. నెమ్మదిగా తగ్గించడం డాక్టరు చేయాల్సిన పని. రోజుకి 5 మిల్లీగ్రాములకు మించకుండా చూడాలి, వీలైతే పూర్తిగా మాన్పించాలి అన్నదే ఇప్పటి యూరప్ నిపుణుల సిఫార్సు.) ఇక కీళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో చీటీ లేకుండానే దొరికే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ మాత్రలు కిడ్నీకి రక్తప్రసారం తగ్గించి బీపీ పెంచుతాయి. కిడ్నీ లూపస్‌కి వాడే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్‌లదీ అదే గుణం. దగ్గుకి చప్పరించే అతిమధురం కూడా మోతాదు మించితే బీపీ పెంచుతుంది. అది వంటింటి మందే కదా అని డాక్టరుకి చెప్పేవాళ్ళు తక్కువ.

వీటన్నిటినీ పక్కన పెట్టినా జబ్బు తెచ్చే వాపే రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. లూపస్ పరిశోధనలో వాడే ఒక జాతి ఆడ ఎలుకలకు వయసు పెరిగేకొద్దీ బీపీ కూడా పెరుగుతుంది. వాటిలో ప్రతిరోధకాలు తయారుచేసే కణాలను మందుతో ముందే అణిచిపెడితే బీపీ పెరగడం ఆగిందని అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఎలుకల్లో తేలిందల్లా మనుషుల్లోనూ నిజం కావాలని లేదు. అయినా ఒక దిశ తెలుస్తోంది. లూపస్‌లో బీపీకి మూలాలు రోగనిరోధక వ్యవస్థలో ఉన్నాయి. అది అమ్మాయి వయసు చూసి రాదు.

వస్తే ఏమవుతుంది? 1976లో టొరంటో వైద్యుడు మరే ఉరోవిట్జ్, ఆయన సహచరులు లూపస్ మరణాలు రెండు విడతలుగా జరుగుతున్నాయని గమనించారు. మొదటి విడత జబ్బు ఉధృతివల్ల, ఇన్ఫెక్షన్లవల్ల. ఆ గండం గడిచి, కుదుటపడ్డారనుకున్న చాలా ఏళ్ళ తర్వాత గుండెపోట్లతో రెండో విడత. 1997లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు దాదాపు ఐదు వందల మంది లూపస్ స్త్రీలను, మామూలు జనాభాలో గుండెజబ్బులను గమనించిన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలోని స్త్రీలతో పోల్చారు. 35 నుంచి 44 ఏళ్ళ మధ్యవాళ్ళలో గుండెపోటు ముప్పు 50 రెట్లకు పైగా తేలింది. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. ఆ వయసులో మామూలు ఆడవాళ్ళకు గుండెపోటు దాదాపు రాదు కాబట్టి రెట్లు అంతగా ఉబ్బి కనిపిస్తాయి. యాభై మందిలో నలభై తొమ్మిది మందికి వస్తుందని కాదు. కానీ రాకూడని వయసులో వస్తోందన్నది నిజం. ఆ వయసు స్త్రీ ఛాతీలో నొప్పి అంటూ వస్తే గ్యాస్ అని పంపేయడానికి మన దగ్గర ఎవరూ వెనకాడరు.

ఇందులో బీపీ వాటా ఎంతో తేల్చిన అధ్యయనం 2020లో వచ్చింది, అదీ టొరంటో నుంచే. 1,532 మంది లూపస్ రోగులకు మొదటి రెండేళ్ళలో చూసిన బీపీల సగటు తీసి, వాళ్ళను మూడు గుంపులు చేశారు. సగటున పదేళ్ళకు పైగా గమనించారు. గుండెపోటు, పక్షవాతం వంటి రక్తనాళాల ఘటనలు 130/80 లోపు ఉన్నవాళ్ళలో ఏడాదికి వెయ్యిమందిలో 4.5. పాత లెక్క ప్రకారం బీపీ ఉన్నట్టే అయిన 140/90, ఆపైవాళ్ళలో 18.9. ఇందులో వింతేమీ లేదు. మధ్య గుంపు సంగతి చూడండి. పై అంకె 130, 139 మధ్యో, కింది అంకె 80, 89 మధ్యో ఉన్నవాళ్ళలో 11.5. మామూలు బీపీ వాళ్ళకంటే రెండున్నర రెట్లు. తక్కిన ముప్పు కారణాలను లెక్కలోంచి తీసేశాక కూడా 1.73 రెట్లు మిగిలింది. మన పీహెచ్‌సీలో 136/86 చూస్తే "బాగానే ఉందమ్మా, ఉప్పు తగ్గించు" అని పంపేస్తారు. కార్యక్రమం పెట్టుకున్న గీత 140/90 కనుక ఆ మాట అనడంలో సిబ్బంది తప్పు లేదు. మొదటి గీత వయసుది అయితే రెండో గీత ఇది. లూపస్ రోగి ఈ రెండిటి మధ్యలోంచి జారిపోతోంది.

యూరప్ రుమటాలజీ నిపుణుల సంఘం 2022లో లూపస్ రోగులకు బీపీని 130/80 కంటే తక్కువలో ఉంచే విషయం ఆలోచించాలని సిఫార్సు చేసింది. ఇలా కొందరికి గీతను కిందికి జరపడం కొత్త కాదు. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు పై అంకె 130 లోపు ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లోనే సూచించింది. ఆ వరసలో లూపస్ పేరు చేర్చుకుంటే చాలు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనవి ఉన్నాయి. మొదటిది వైద్యులే చెప్పేది. లూపస్‌లో గుండె దెబ్బతినడానికి బీపీ, కొలెస్టరాల్ లాంటి మామూలు కారణాలు చాలవు, జబ్బే ప్రధాన కారణం అని. నిజమే. మాంట్రియల్‌లో 2001లో వెలువడిన అధ్యయనంలో ఆ మామూలు కారణాలన్నీ లెక్కలోంచి తీసేశాక కూడా లూపస్ రోగులకు గుండెజబ్బు ముప్పు ఏడు రెట్లకు పైగా, పక్షవాతం ముప్పు దాదాపు ఎనిమిది రెట్లు మిగిలింది. కానీ దీన్నుంచి బీపీని వదిలెయ్యొచ్చనే ముగింపుకి ఎలా వస్తాం? జబ్బు వాటాను పూర్తిగా తగ్గించే మందు మన చేతిలో లేదు. బీపీ వాటాను తగ్గించే మాత్రలు మీ పీహెచ్‌సీ బీరువాలో ఇప్పటికే ఉన్నాయి. రెండు నిప్పులు అంటుకున్న ఇంట్లో చేతికి అందే నిప్పును ముందు ఆర్పుతాం.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. లూపస్ రోగులను రెండు జట్లుగా విడగొట్టి, ఒక జట్టుకు బీపీ బాగా తగ్గించి, ఇంకో జట్టుకు తగ్గించకుండా చూసిన పెద్ద ప్రయోగం లేదు. బీపీని గట్టిగా తగ్గించడం మేలని 2015లో చూపిన స్ప్రింట్ ప్రయోగంలో యాభై దాటినవాళ్ళనే తీసుకున్నారు. దాని ఫలితాన్ని ఇరవై రెండేళ్ళ పిల్లకు అంటగట్టడం సరికాదని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిందే. అందుకే 130/80 దాటిన ప్రతి లూపస్ రోగికీ పీహెచ్‌సీలోనే మాత్ర రాసివ్వమని అడగడం లేదు. బీపీ, మూత్రం చూడమని, గీత దాటితే పెద్ద డాక్టరుకి పంపమని అడుగుతున్నాను. చూడడానికి ప్రయోగం రుజువు అక్కర్లేదు. పైగా కిడ్నీ లూపస్‌లో మొదటి సూచన చాలాసార్లు పెరిగిన బీపీయో, మూత్రంలో పడే ప్రోటీనో అవుతుంది. అలాంటప్పుడు రుమటాలజిస్టు ఇచ్చే సమాధానం బీపీ మాత్రతో ఆగదు, లూపస్ చికిత్సే మారుతుంది. ఒక్కసారి చూసిన అంకె ఆదుర్దా వల్ల పెరిగి ఉండొచ్చన్నది కూడా సరైన మాటే. టొరంటో వాళ్ళు రెండేళ్ళ సగటు తీసుకున్నది అందుకే. పలుమార్లు, వీలైతే ఇంట్లో కూడా చూస్తే ఆ సందేహం తీరిపోతుంది.

మందు ఎవరు రాయాలన్న దానికీ కారణం ఉంది. మూత్రంలో ప్రోటీన్ పడుతున్న లూపస్ రోగికి టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ రకాల మందులు బీపీతో పాటు కిడ్నీని కూడా కాపాడతాయి. అవే మందులు గర్భిణి వాడితే బిడ్డకు ప్రమాదం. హైడ్రలజీన్ అనే బీపీ మందు ఎక్కువ మోతాదులో వాడితే లూపస్ లాంటి జబ్బునే తెస్తుందని 1950ల్లోనే బయటపడింది. థయజైడ్ నీటి మాత్రలు కొందరిలో చర్మపు లూపస్‌ను రేపుతాయి. ముప్పై దాటినవాళ్ళ కోసం రాసిన ఒకే పట్టికను ఈ రోగులకు అలాగే వర్తింపజేయడం కుదరదు.

మూడో అభ్యంతరం పరిపాలనది. లూపస్ అరుదైన జబ్బు, దానికోసం నిబంధన మారుస్తామా అంటారు. ఢిల్లీ దగ్గరి గ్రామాల్లో జరిగి 1993లో ప్రచురితమైన సర్వే లక్షకు 3.2 మందికి లూపస్ ఉందని తేల్చింది. రుమటాలజిస్టు దాకా చేరక, కీళ్ళవాతమనో రక్తహీనతనో పేరు పెట్టించుకుని ఉండిపోయేవాళ్ళు ఎందరో ఉంటారు కాబట్టి ఇది తక్కువ అంచనా అనుకోవడం న్యాయం. ఆ తక్కువ అంచనాతోనే లెక్క వేసినా, తొమ్మిది కోట్ల చిల్లర జనాభా ఉన్న మన రెండు రాష్ట్రాల్లో మూడు వేల మంది దాకా తేలతారు. సంఖ్య తక్కువ కాబట్టే ఖర్చూ తక్కువ. ఒక్కొక్కరికి జరిగే నష్టం మాత్రం తక్కువ కాదు. కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్ళకు ప్రభుత్వాలే ఉచితంగా డయాలసిస్ చేయిస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళకు నెలకు 10,000 రూపాయల పింఛను కూడా ఇస్తున్నారు. ఇది మంచి పని. శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని చూశాక కిడ్నీ జబ్బు ఒక ఊరిని ఏం చేస్తుందో ఈ రాష్ట్రాలకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నెలకు పదివేలు, వారానికి రెండుమూడుసార్లు యంత్రం, ఆ యంత్రానికి కట్టుబడిన పాతికేళ్ళ జీవితం ఒక వైపు. రెండు నిమిషాల బీపీ పరీక్ష, మూత్రంలో ముంచే ఒక కాగితపు పుల్ల ఇంకో వైపు.

ఇది నిపుణుల పని, పీహెచ్‌సీకి ఎందుకు అనేవాళ్ళూ ఉన్నారు. నిపుణులు ఎక్కడున్నారో మీకు తెలుసు. నిమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో, హైదరాబాద్, విశాఖ, విజయవాడ వంటి నగరాల్లో. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో రోగి రెండు మూడు నెలలకోసారి వెళ్తుంది, రోజు కూలీ, బస్సు ఛార్జీలు కలిసిరాకపోతే ఆర్నెల్లకోసారి. మధ్యలో ఒళ్ళు బాగోకపోతే ఊళ్ళో ఆర్‌ఎంపీ, వీధి చివర మెడికల్ షాపు. బీపీ పెరిగేది ఆ మధ్యకాలంలోనే. కొందరిలో అది ఎంత వేగంగా పెరుగుతుందంటే ఫిట్స్ వచ్చి, చూపు మసకబారి అత్యవసర విభాగానికి చేరతారు. ఆ మధ్యకాలంలో ఆమెకు దగ్గరగా ఉన్న ప్రభుత్వం మీ పల్లె దవాఖానా, మీ విలేజ్ క్లినిక్.

ఇక పెళ్ళి కావాల్సిన అమ్మాయికి ఒక జబ్బు చాలదన్నట్టు బీపీ ముద్ర కూడా ఎందుకని ఇళ్ళల్లో అనే మాట. దీన్ని కొట్టిపారేయలేం. లూపస్‌ను దాచి పెళ్ళి చేసే కుటుంబాలు, పెళ్ళయ్యాక అత్తింట్లో మాత్రలు దాచుకుని మింగే అమ్మాయిలు ఉన్నారని రోగులను చూసే ఏ వైద్యుణ్ణి అడిగినా చెబుతారు. ఆశా కార్యకర్త అదే వీధి మనిషి. కాబట్టి ఇంటింటి సర్వేలో "మీ ఇంట్లో ఎవరికైనా లూపస్ ఉందా" అనే ప్రశ్న పెట్టకండి. జబ్బు నిర్ధారించిన ఆసుపత్రే రోగి చేతికి ఒక కార్డు ఇవ్వాలి. దాన్ని చూపిస్తే రాష్ట్రంలో ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా వయసు అడక్కుండా బీపీ చూసి, మూత్రంలో ప్రోటీన్ పరీక్షించి, అంకె అదే కార్డు మీద రాసివ్వాలి. కార్డు ఎవరికి చూపించాలో ఆమె ఇష్టం. తక్కిన భయం సంగతి అంటారా, బీపీ చూడకపోతే బీపీ లేకుండా పోదు, పెళ్ళయ్యాక మొదటి కాన్పులో బయటపడుతుంది. గర్భిణుల్లో బీపీ పెరిగి ప్రాణం మీదికి తెచ్చే ప్రీ ఎక్లాంప్సియా మామూలుగా వందమందిలో ఐదుగురి దరిదాపుల్లో వస్తే, లూపస్ ఉన్నవాళ్ళలో దానికి కొన్ని రెట్లు ఎక్కువ. అందుకే లూపస్ గర్భిణులకు తక్కువ మోతాదు యాస్పిరిన్ మొదటి నెలల్లోనే మొదలుపెట్టమంటారు. గర్భం నిలవకముందే బీపీ సంగతి తెలిసి ఉంటే మందు మార్చుకోవడానికి వ్యవధి ఉంటుంది.

నిజానికి వయసు గీతను మన వ్యవస్థ ఎప్పుడో ఒకచోట చెరిపేసింది. గర్భిణికి పంతొమ్మిదేళ్ళైనా ముప్పై తొమ్మిదైనా వచ్చిన ప్రతిసారీ ఏఎన్‌ఎం బీపీ చూస్తుంది, మూత్రం పరీక్షిస్తుంది, కార్డులో రాస్తుంది. ఎందుకని ఎవరూ అడగరు. ముప్పు వయసుని బట్టి కాక స్థితిని బట్టి వస్తుందని అక్కడ అందరూ ఒప్పుకున్నారు. ఆ అలవాటు, ఆ పరికరాలు, ఆ మూత్రం పుల్లలు, ఆ చేతులు ఇప్పటికే ఉపకేంద్రంలో ఉన్నాయి. గర్భిణికి తొమ్మిది నెలలు చేసే పనిని లూపస్ రోగికి నెలకోసారి చేయమని అడుగుతున్నాను.

కాబట్టి ఎన్‌సీడీ మార్గదర్శకాలకు మీ రెండు శాఖలూ ఒక సవరణ ఉత్తర్వు ఇవ్వాలి. లూపస్ నిర్ధారణ అయిన వ్యక్తికి వయసుతో పని లేకుండా ప్రతి సందర్శనలో బీపీ, మూత్రం చూడాలి. పెద్దవాళ్ళలో 130/80 దాటితే వేరువేరు రోజుల్లో మళ్ళీ చూసి, తగ్గకపోతే పంపాలి. మూత్రంలో ప్రోటీన్ కనిపిస్తే, తలనొప్పీ చూపు మసకా ఉంటే ఆ రోజే పంపాలి. పదమూడేళ్ళ లోపు పిల్లలకు బీపీ గీత వయసునీ ఎత్తునీ బట్టి మారుతుంది కాబట్టి అది పిల్లల డాక్టరు తేల్చాలి. పిల్లల విషయంలో ఒక కొనుగోలు కూడా అవసరమవుతుంది. సన్నని చేతికి పెద్దవాళ్ళ పట్టీ చుడితే యంత్రం బీపీని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. చాలాచోట్ల ఉన్నది ఆ ఒక్క సైజే. వైద్య పరికరాలు కొనే ప్రభుత్వ సంస్థలు ఏపీఎంఎస్‌ఐడీసీ, టీజీఎంఎస్‌ఐడీసీ బీపీ యంత్రాలకు ఈసారి పిలిచే టెండర్లలో ప్రతి పీహెచ్‌సీకీ ఒక చిన్న పట్టీ చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పౌరుడు